ఇంటర్వెల్ కార్డు తర్వాత

“వదినా! తలుపు తియ్యి!”

ఇనప తలుపు మీద పిడిగుద్దులు. గోడకున్న క్యాలెండర్ ఊగుతోంది.

ఆమె కదలదు. కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి.

ఆకుపచ్చ గీత పాకుతోంది. ఇంకొంచెం… ఇంకొంచెం…

“వస్తున్నా! డిస్క్‌లోకి సినిమా ఎక్కుతోంది. ఇప్పుడు లేస్తే పాడైపోతుంది!”

“పొద్దుటి నుంచీ ఇదే పాట! అక్కడ అన్నయ్య నన్ను నమిలేస్తున్నాడు!”

బయట అప్పుడే చీకటి పడింది. ఈ గదికి మాత్రం పగలైనా రాత్రైనా ఒకటే. కిటికీ అద్దాలకు నల్ల రంగు. కింద టైలర్ షాపు. పైన ఆమె, రెండు కంప్యూటర్లు, ఒక పాత ఫ్యాన్.

ఆమె పని కుదించడం.

థియేటర్లో దొంగతనంగా తీసిన సినిమా ఇక్కడికొస్తుంది. ఎంత పొడుగు సినిమా అయినా సరే, ఒక్క డిస్క్‌లో పట్టాలి. రెండు డిస్కులైతే ఎవడూ కొనడు. మధ్యలో లేచి మార్చాలంటే జనానికి బద్ధకం.

డిస్క్‌లో చోటు ఇంతే. అది సాగదు. అందుకే ప్రతి సీన్‌కీ రేషన్. మొహం దగ్గరగా కనిపిస్తే కాస్త ఎక్కువ. గోడ కనిపిస్తే తక్కువ. చివర్లో పేర్లు వస్తే… కత్తిరించి అవతల పారేయడమే.

ఈ మధ్యాహ్నం కూడా అదే చేయబోయింది.

ఇంకా విడుదల కాని సినిమా. మూడు గంటల పైమాటే. ప్రివ్యూ వేసిన థియేటర్లో, ప్రొజెక్టర్ గదిలో కెమెరా పెట్టి తీశారు. తీసింది ఆమె భర్తే. ఆ థియేటర్ ఆపరేటర్.

ఆ రాత్రి నుంచే ఆయన ఇంటికి రాలేదు.

“ఎవరితోనో లేచిపోయాడు వదినా. నా నోటితో చెప్పలేను” అన్నాడు చిన్నోడు. ఈ డిస్కుల వ్యాపారం నడిపే పెద్దన్నకి తమ్ముడు. ఇప్పుడు తలుపు బాదుతున్నవాడు.

ఆమె నమ్మింది.

తిట్టుకుంది. ఏడ్చింది. ఆయన చొక్కాలన్నీ మూటగట్టి వీధిలో పాతబట్టలవాడికి ఇచ్చేసింది.

ఇవాళ మధ్యాహ్నం సినిమా చివరికి వచ్చింది. పేర్లు అయిపోయాయి. కత్తిరించడానికి మౌస్ మీద వేలు పెట్టింది.

కెమెరా ఇంకా తిరుగుతోంది!

ఆపడం మర్చిపోయారు. హాల్లో లైట్లు వెలిగాయి. కింద ఖాళీ సీట్ల వరసలు. ఆయన! వరసల మధ్య నడుస్తూ, పైకి లేచిన సీట్లను అలవాటుగా కిందికి నొక్కుతున్నాడు.

చిన్నోడు ఫ్రేములోకి వచ్చాడు.

ఏదో మాట. ఆయన తల అడ్డంగా ఊపాడు. చిన్నోడు బయటికి పోయాడు. కాసేపటికి మళ్ళీ వచ్చాడు.

ఈసారి చేతిలో తుపాకీ.

ఆయన రెండు చేతులూ ముందుకు చాచాడు. అంతే. సీట్ల వెనక్కి జారిపోయాడు.

తర్వాత చిన్నోడి మొహం కెమెరా ముందుకు, స్క్రీన్ నిండా. ఒక చెయ్యి అడ్డం వచ్చింది. చీకటి.

ఆమె అరవలేదు. కింద కుట్టుమిషన్లు టకటకలాడుతున్నాయి. పిడికిలి నోట్లో కుక్కుకుంది. పంటి గాట్లు ఇప్పటికీ ఉన్నాయి.

సౌండ్ బాగా తగ్గించి విన్నది. ప్రొజెక్టర్ హోరు తప్ప ఏమీ తెలియలేదు. రెండోసారి చూసే ధైర్యం లేకపోయింది.

పోలీస్ స్టేషన్? నెల తిరిగేసరికి ఆ మెట్లెక్కి మామూళ్ళ కవర్ ఇచ్చేది చిన్నోడే!

అప్పుడే తట్టింది. ఈ డిస్క్ కాపీల్ని రేపు ఊరంతా చూస్తుంది. ప్రతి ఇల్లూ. ప్రతి కొట్టూ.

ఊరంతా చూడాలి!

చివర్లో పెడితే ఎవరూ చూడరు. ఇంటర్వెల్ కార్డు తర్వాత పెట్టాలి. జనం నీళ్ళు తాగి మళ్ళీ కూర్చునే చోట.

కానీ చోటు లేదు. సినిమాకే బొటాబొటిగా ఉంది.

కాబట్టి దోచింది. పెద్దన్న ఎప్పుడూ మూడే చూస్తాడు. మొదలు, ఒక పాట, క్లైమాక్స్. ఆ మూడింటినీ ముట్టుకోలేదు. మిగతా సినిమా గొంతు నులిమింది. చీకటి సీన్లు చదరాలు చదరాలుగా విరిగిపోయాయి. వాన సీన్ బురదైపోయింది. ఆ మిగుల్చుకున్న చోట్లో, కళ్ళు పక్కకు తిప్పుకుని, భర్త చావును అతికించింది.

టింగ్!

ట్రే బయటికొచ్చింది. డిస్క్ ఇంకా వెచ్చగా ఉంది.

మొహం కడుక్కుని తలుపు తీసింది.

చిన్నోడు విసురుగా లోపలికొచ్చాడు. చెమట వాసన, సిగరెట్ వాసన.

“ఏంటి వదినా, కళ్ళు అలా వాచాయి?”

“స్క్రీన్ చూసీ చూసీ…”

“సరే, వెయ్యి చూద్దాం.”

వేసింది. మొదలు… అద్దంలా ఉంది. క్లైమాక్స్… బ్రహ్మాండం. చిన్నోడు కుర్చీలో వెనక్కి వాలాడు. పాట పెట్టాడు. కాలితో తాళం వేస్తున్నాడు.

“ఆపరేటరన్నకి ఇలాంటి పాటలంటే పిచ్చి కదా?”

“అవును. పిచ్చి ఉండేది.”

కాలు ఆగింది.

పాట మోగుతూనే ఉంది. చిన్నోడు మెల్లగా తల తిప్పాడు.

“ఉండేదా?”

ఆమె స్క్రీన్ వైపు తిరిగింది.

“లేచిపోయినోడికి పిచ్చి ఉంటుంది వదినా. ఉండేది అంటావేంటి?”

ఆమె ట్రే బటన్ మీద వేలు పెట్టింది.

చిన్నోడి చూపు ఆమె మొహం మీద నుంచి స్క్రీన్ మీదికి… స్క్రీన్ మీద నుంచి వైర్‌కి వేలాడుతున్న హార్డ్ డిస్క్ మీదికి… ఆ రాత్రి కెమెరా ఎప్పుడు ఆపానన్న లెక్క కుదురుతోంది. మొహం రంగు మారుతోంది.

“చివరిదాకా చూశావా?”

ఆమె బటన్ నొక్కింది. ట్రే బయటికొచ్చింది. డిస్క్ లాగింది!

రెండో చేత్తో ఇనప ర్యాక్ పట్టుకుని ఒక్క గుంజు! ఖాళీ డిస్కుల డబ్బాలన్నీ చిన్నోడి మీద!

“ఏయ్!”

వెనక తలుపు. ఇనప మెట్లు. ఒక చెప్పు జారిపోయింది. ఆగలేదు.

సందు.

డిస్క్‌కి కవర్ లేదు. గీత పడితే అయిపోయినట్టే! అంచులు మాత్రమే పట్టుకుని, చున్నీలో చుట్టి గుండెకు హత్తుకుని పరిగెత్తుతోంది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు.

వెనక బూట్ల చప్పుడు. దగ్గరగా… ఇంకా దగ్గరగా…

ఆరేసిన దుప్పట్ల కిందుగా దూరింది. మలుపు. మురుగు కాలవ. దూకింది. మోకాలు చీరుకుపోయింది. చెయ్యి మాత్రం గుండె మీద నుంచి తియ్యలేదు.

మెయిన్ రోడ్డు! కదులుతున్న బస్సు!

“ఆపండి! ఆపండి!”

ఎవరో చెయ్యందించారు. ఎక్కేసింది.

ఫోన్ మోగింది.

“వదినా.” రొప్పుతున్నాడు. “హార్డ్ డిస్క్ నా కాళ్ళ కింద పిండైంది. కంప్యూటర్లు కూడా. ఇక నీ చేతిలో ఉన్నదొక్కటే. ఇచ్చెయ్. నీ జోలికి రాను. ఒట్టు.”

“ఆయన్ని ఎక్కడ పెట్టావు?”



“అది నన్నడక్కు వదినా.”

ఫోన్ పెట్టేసింది. బస్సులో అందరూ జరిగి ఆమెకి చోటిచ్చారు. మోకాలి నుంచి కారుతున్న రక్తాన్ని చూసి ఒకావిడ చేతిరుమాలు అందించింది. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు.

ఎక్కడికి వెళ్ళాలి?

అన్నదమ్ములు లేరు. అమ్మానాన్నలు లేరు. ఉన్నది ఒక్కడే.

పెద్దన్న!

ఆమె పెళ్ళి దగ్గరుండి చేసింది ఆయనే. పెళ్ళికొడుకుని చూసిందీ ఆయనే. “నీకెవరూ లేరనుకోకు చెల్లెమ్మా” అన్నాడు ఆ రోజు. దొంగ వ్యాపారమే. కాదనదు. కానీ రక్తం చూస్తే తట్టుకోలేని మనిషని అందరూ అంటారు. తమ్ముడు చేసిన పని తెలిస్తే…

తెలియాలి!

కాపీలు తీసే షెడ్ గోడౌన్ల వెనక ఉంది. గేటు దగ్గర కాపలావాడు ఆమెని గుర్తుపట్టి తప్పుకున్నాడు.

లోపల ట్యూబ్‌లైట్లు. వరసలుగా కాపీ మిషన్లు, ట్రేలు తెరుచుకుని ఆమె తెచ్చే మాస్టర్ డిస్క్ కోసం ఎదురుచూస్తున్నాయి. నేల మీద కూర్చున్న ప్యాకింగ్ ఆడవాళ్ళు కవర్లు మడుస్తున్నారు. మధ్యలో పెద్ద టీవీ. దాని పక్కన పెద్దన్నకు ప్రాణమైన స్పీకర్లు, మనిషంత ఎత్తున.

పెద్దన్న కళ్ళజోడు తుడుచుకుంటూ లేచాడు.

“చెల్లెమ్మా! ఏంటా రక్తం? ఎవరు?”

“అన్నయ్యా…” డిస్క్ అందించింది. “ఇంటర్వెల్ కార్డు తర్వాత చూడన్నయ్యా. ఏమీ అడక్కుండా చూడు.”

డిస్క్‌ని వెలుగులో పట్టుకుని చూశాడు. ఊదాడు. ప్లేయర్‌లో వేశాడు. సౌండ్ తగ్గించాడు.

ఇంటర్వెల్ కార్డు.

ఖాళీ సీట్లు. ఆమె భర్త. చిన్నోడు. తుపాకీ.

ప్యాకింగ్ ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఒకామె “అయ్యో” అంది.

పెద్దన్న నిలబడే ఉన్నాడు. 

“లేచిపోయాడన్నాడు…” టీవీ వైపు వేలు చూపించాడు. “నాతో కూడా అలాగే అన్నాడు చెల్లెమ్మా! నేను ముడివేసిన తాళి… నా తమ్ముడే…”

గేటు దగ్గర బైక్ ఆగింది.

చిన్నోడు పరిగెత్తుకొచ్చాడు. టీవీ చూశాడు. ఆమెని చూశాడు. అక్కడే బిగుసుకుపోయాడు.

పెద్దన్న నాలుగంగల్లో వెళ్ళి చెంప పగలగొట్టాడు!

షెడ్ అంతా మోగింది.

“ఆడపిల్ల తాడు తెంపుతావురా? నా ఇంట్లో పుట్టావురా నువ్వు?”

ఇంకొకటి! చిన్నోడి పెదవి చిట్లింది.

“అన్నా…”

“అన్నా అనకు! నీ చేతులకి నేనే బేడీలు వేయిస్తా. ఇంతమంది ముందు చెప్తున్నా. నాకు తమ్ముడు లేడు!”

ఆమె కూలబడింది. మధ్యాహ్నం నుంచీ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. పెద్దన్న వచ్చి తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. అప్పటినుంచీ మొదటిసారి గట్టిగా ఊపిరి తీసుకుంది.

చిన్నోడు రక్తం తుడుచుకున్నాడు. వేళ్ళకంటిన ఎరుపు చూసుకున్నాడు. చిన్నపిల్లాడిలా పెదవులు వణుకుతున్నాయి.

“నాకు తమ్ముడు లేడు… అన్నావా?”

“పో అవతలికి!”

“ఇంతమంది ముందు కొట్టావు కదన్నా. సరే.” ముక్కు ఎగబీల్చాడు. “మరి సౌండ్ ఎందుకు తగ్గించావు?”

పెద్దన్న చెయ్యి ఆమె తల మీద బిగుసుకుంది.

“రేయ్… దాన్ని ముట్టుకోకు.”

చిన్నోడు ముట్టుకున్నాడు!

సీన్ వెనక్కి తిప్పాడు. స్పీకర్ల సౌండ్ చివరిదాకా పెంచేశాడు.

ప్రొజెక్టర్ ఫ్యాన్ హోరు షెడ్‌ని నింపేసింది. తెర మీద ఆపరేటర్ సీట్లు నొక్కుతున్నాడు. చిన్నోడు ఫ్రేమ్‌లో లేడు. కెమెరా వెనక, ప్రొజెక్టర్ గదిలోనే ఉన్నాడు. ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆ హోరులో వినపడక స్పీకర్‌లో పెట్టినట్టున్నాడు.

“అన్నా, వీడు వినట్లేదు. ఇదే ఆఖరంటున్నాడు. రేపు థియేటర్ ఓనర్ దగ్గరికెళ్ళి అంతా చెప్పేస్తాడట. ఏం చెయ్యమంటావ్?”

హోరు.

తర్వాత ఫోన్‌లోంచి ఒక గొంతు. తొందర లేదు. కోపం లేదు. నిద్రలోంచి లేచినట్టు ఉంది.

“కానిచ్చెయ్.”

ఆమె తల పైకెత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదు. ఆ గొంతుగలవాడి చెయ్యి ఇంకా ఆమె తల మీదే ఉంది.

తెర మీద ఆయన రెండు చేతులూ ముందుకు చాచాడు…

పెద్దన్న వెళ్ళి స్విచ్ నొక్కాడు. తెర నల్లబడింది. డిస్క్ బయటికి తీశాడు. రెండు చేతులతో వంచాడు.

ఫట్!

ముక్కలు నేల మీద పడ్డాయి.

“ఇంకో కాపీ ఉందా చెల్లెమ్మా?”

“నువ్వు ముడివేసిన తాళి అన్నయ్యా ఇది…”

“అడిగినదానికి చెప్పు.”

ఆమె చుట్టూ చూసింది. ఇంతమంది విన్నారు! ఇన్ని చెవులు! ప్యాకింగ్ ఆడవాళ్ళ కళ్ళల్లోకి ఒక్కొక్కరిగా చూసింది. ఒక తల వంగింది. పక్క తల వంగింది. “అయ్యో” అన్నామె కూడా కవర్ తీసుకుని మడవడం మొదలుపెట్టింది. మడత సరిగా పడటం లేదు.

“లేదు” అంది ఆమె. “చోటు లేదుగా. ఒక్క దాంట్లోనే పట్టించాను.”

పెద్దన్న నిట్టూర్చాడు. నిజంగానే బాధపడుతున్నట్టు ఉన్నాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నాడు. తమ్ముడి దగ్గరికి వెళ్ళి, చిట్లిన పెదవిని బొటనవేలితో తుడిచాడు.

“నొప్పిగా ఉందిరా?”

చిన్నోడు తల ఊపాడు. కళ్ళనిండా నీళ్ళు.

“ఇంటికెళ్ళి మందు రాసుకుందాం.”

పెద్దన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన రక్తం చూడలేడు.

ఆమె లేవలేదు. పరిగెత్తలేదు. భర్త చొక్కాలు గుర్తొచ్చాయి. మూటగట్టేటప్పుడు ఒక్కదాన్నైనా వాసన చూడలేదు. ఒక్కటైనా ఉంచుకోలేదు.

చిన్నోడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“వదినా… కళ్ళు మూసుకో.”

మూసుకోలేదు.

వెనక నుంచి అదే గొంతు. ఈసారి స్పీకర్లలోంచి కాదు.

“కానిచ్చెయ్.”

ఢాం!