పిలుపుల హాలు

పామర్రు దాటి కాలవ గట్టు వెంట కొంత దూరం పోతే మూతపడ్డ సినిమా హాలు ఒకటి ఉంది. దాని అసలు పేరు నాకు తెలుసు, నాలుక చివరే ఆడుతోంది, రావడం లేదు. ఇప్పుడందరూ పిలుపుల హాలు అంటున్నారు.

చీకటి పడ్డాక అటు వెళ్ళేవాళ్ళని లోపలినుంచి ఎవరో పిలుస్తారట. తెలియని గొంతు కాదు. ఎక్కడో విన్న గొంతే... ఎవరిదో మాత్రం తట్టదు. ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కుని, అన్నం ముందు కూర్చున్నా తట్టదు. అదే దాని చెడ్డపేరు. ఆటోవాళ్ళు అక్కడికి రాగానే పాటలు పెద్దగా పెట్టేస్తారు.

ఇది నాకు మా వీధి రావమ్మ చెప్పింది. ఆమె చెప్పిన వరసలోనే రాస్తున్నాను. ఇంకొన్నాళ్ళు ఆగితే ఆ వరస కూడా చెదిరిపోతుందేమోనని తొందర.

రావమ్మ అన్న చౌడయ్య ఒకప్పుడు ఆ హాల్లోనే బొమ్మ వేసే ఆపరేటరు. హాలు మూసేశాక మగ్గంలో కూర్చున్నాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయాడు. ఆసుపత్రికి పట్టుకెళ్ళిన ఫోను తిరిగి రాలేదు. ఆయన గొంతు మరెక్కడా లేదు.

ఆయన భార్య బుల్లెమ్మ. వదినామరదళ్ళిద్దరూ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల కొట్లో చీరలకి ఫాల్స్ కుడతారు. పొద్దున బస్సులో వెళ్ళి, రాత్రి బస్సుకి వస్తారు.

బుల్లెమ్మకి ఒకటే దిగులు.

"ముఖం ఎక్కడికీ పోదు, ఫొటో ఉంది. గొంతే పోతోంది రావమ్మా. నిన్న ఆయన కాఫీ అడుగుతున్నట్టు అనుకుందామంటే, మా తమ్ముడి గొంతు వచ్చింది."

"నాకు వినపడుతూనే ఉంది వదినా."

"నీకేం, నువ్వు చిన్నప్పటినుంచీ విన్నావు."

ఆ రాత్రి బస్సు ఆలస్యమైంది. ఆటో దొరకలేదు. ఇద్దరూ గట్టు దారిన నడిచారు. కరెంటు పోయి ఉంది. హాలు దగ్గరికి రాగానే రావమ్మ అడుగు వేగం పెంచింది. అప్పుడు...

"బుల్లెమ్మా... గడియ తియ్యి."

మెల్లగా. చివర్లో కాస్త సాగదీసి, ఆ వెనకే ఒక పొడిదగ్గు.

సెకండ్ షో వదిలాక చౌడయ్య ఇంటికొచ్చి అలాగే పిలిచేవాడు. తలుపు కొట్టేవాడు కాదు, చుట్టుపక్కల వాళ్ళు లేస్తారని.

బుల్లెమ్మ నోరు తెరిచింది. రావమ్మ ఆ నోటిని చేత్తో గట్టిగా మూసేసింది.

"పలక్కు వదినా! మూడోసారి పిలిస్తేనే మనిషి. దెయ్యం మూడోసారి పిలవదు."

"బుల్లెమ్మా... గడియ తియ్యి."

రెండు. ఇద్దరూ నిలబడే ఉన్నారు — కాలవలో కప్పలు, పక్క చేలో నీళ్ళ చప్పుడు... మూడో పిలుపు రాలేదు.

"చూశావా? దెయ్యమే," అంది రావమ్మ, వదినని లాక్కుపోతూ.

"ఆయన మూడోసారి ఎప్పుడు పిలిచాడే?" బుల్లెమ్మ వెనక్కే చూస్తూ అంది. "రెండోసారికే నేను తీసేదాన్ని."

మర్నాడంతా కొట్లో బుల్లెమ్మ వేళ్ళకి సూది గుచ్చుకుంటూనే ఉంది. ఒక చీర మీద రక్తపు చుక్క పడి కొట్టువాళ్ళ చేత మాటలు కూడా పడింది. రాత్రి బస్సు దిగగానే తిన్నగా హాలు వైపు నడిచింది. ఎంత చెప్పినా ఆగలేదు. ఫోను లైటు పట్టుకుని రావమ్మ వెనకే వెళ్ళింది. అన్నయ్యే అయితే చూడాలని ఉంది... అన్నయ్యే అయితే పారిపోవాలనీ ఉంది.

లోపల రేకులు ఎగిరిపోయి పైన ఆకాశం. కుర్చీలు ఎవరో పట్టుకుపోయారు. తెర గోడ మాత్రం తెల్లగా మిగిలింది.

ఆ గోడ వైపునుంచి ఒక కండక్టరు టిక్కెట్లు అడిగాడు. ఒక పంతులమ్మ కసిరింది. ఒక కుక్క మొరిగింది. పసిపిల్ల ఏడుపు... ఆ ఏడుపు మధ్యలోంచే —

"బుల్లెమ్మా... గడియ తియ్యి."

రావమ్మ అరిచిన అరుపుకి లైటు ఎటో పడింది. ఆ వెలుగులో ఒక మనిషి. మెడకి మఫ్లరు, చేతిలో నీళ్ళ సీసా. అతను వీళ్ళకంటే గట్టిగా అరిచాడు.

"అమ్మా, చంపకండమ్మా! మిమిక్రీ అండి! మిమిక్రీ శౌరయ్యనండి!"

పెళ్ళిళ్ళకీ, క్రిస్మస్ ప్రోగ్రాములకీ గొంతులు చేస్తాడట. గదిలో సాధన చేస్తే ఇంటివాళ్ళు ఊరుకోవడం లేదట.

"మొన్న పసిపిల్ల ఏడుపు చేస్తే, పైవాటా ఆవిడ పాలసీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చిందండి. అందుకని ఇక్కడ..."

రావమ్మకి నవ్వొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది.

"గొంతు దొంగా! చచ్చిపోయినవాళ్ళని వెక్కిరిస్తావా?"

"ఆ మాట నాకు కొత్త కాదండి. మా అమ్మ వెక్కిరింతలోడా అనేది. బళ్ళో కోతి అన్నారు. స్టేజీ మీద ధ్వన్యనుకరణ సామ్రాట్ అంటారు, కిందికి దిగాక మళ్ళీ కోతే. కానీ దొంగని కాదండి. నేను తీసుకున్నా అవతలివాళ్ళ గొంతు వాళ్ళకి ఉంటుంది కదండీ."

బుల్లెమ్మ అవేవీ వినడం లేదు.

"ఇంకోసారి అను నాయనా."

అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. ముఖం ఒక్కసారిగా పడుచుదైపోయిందట.

"ఇంకోసారి."

అన్నాడు. ఈసారి ఆమె కళ్ళు తెరిచింది. బెదిరిపోయిన కళ్ళు.

"ఇది ఆయనదేనా రావమ్మా? లేక... ఇతనిది వినీ వినీ ఆయనది కొట్టుకుపోతోందా? ఇప్పుడు ఎంత తలుచుకున్నా ఇతనిదే వస్తోందే..."

 తనకీ తేడా తెలియలేదని రావమ్మ నాతో ఒప్పుకుంది. ఆ హాల్లో భయపడాల్సింది ఏదైనా ఉంటే అదేనంది.

బుల్లెమ్మ శౌరయ్య చెయ్యి పట్టుకుంది. "మా ఆయన్ని నువ్వెక్కడ విన్నావు? ఎప్పుడు? ఆయన ఇంకేమేం అనేవాడో చెప్పు. పుణ్యం ఉంటుంది."

"మీ ఆయనెవరో నాకు తెలియదమ్మా. మాది హనుమాన్ జంక్షన్. మొన్న ఉగాదికేగా నేను ఈ ఊరొచ్చింది."

"మరి ఈ గొంతు?"

"వినకుండా ఎలా వస్తుందండీ? ఇది పైన క్యాబిన్లో ఉండే పెద్దాయనది. నేను వచ్చిన మొదటి రాత్రే విన్నాను. వాచ్‌మన్ అనుకున్నా. ఎప్పుడూ కిందికి దిగడు... అదే ముక్క రెండుసార్లు అంటాడు, ఊరుకుంటాడు. బాగుంది కదా అని పట్టుకున్నాను."

రావమ్మ లైటు పైకెత్తింది. బొమ్మ వేసే క్యాబిన్. గోడకి నల్లగా రెండు కంతలు. అక్కడికి ఎక్కే మెట్లు ఎప్పుడో కూలిపోయాయి.

శౌరయ్య కూడా ఆ కూలిన మెట్లు అప్పుడే చూసినట్టున్నాడు. సీసా చేతిలోంచి జారింది.

"అమ్మా... నేను కావాలంటే ఇంకోసారి —"

"వద్దు నాయనా. నువ్విక మాట్లాడకు." బుల్లెమ్మ నేల మీద కూర్చుంది. "ఆ లైటు ఆర్పు రావమ్మా. నన్ను కాసేపు విననీ."

రావమ్మ లైటు ఆర్పింది. ఆర్పి, రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకుంది. "నాకు మా అన్న గొంతు ఇంకా ఉంది పిన్నిగారూ, దాని మీద ఇంకోటి పడనివ్వడం ఇష్టంలేక," అంది నాతో. కనుక ఆ తర్వాత అక్కడేం వినపడిందో ఆమె చెప్పలేకపోయింది. శౌరయ్యని అడుగుదామంటే మర్నాడే గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

ఉండబట్టలేక నిన్న నేనే బుల్లెమ్మ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చీరకి ఫాల్ కుడుతోంది.

"ఏం విన్నావమ్మా ఆ రాత్రి?"

తల ఎత్తింది. నవ్వింది. వేలు పెదవుల మీద పెట్టి, ఊరుకోమన్నట్టు సైగ చేసింది.

రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని ఉంది.