గోధుమలు వద్దన్న అతిథి

పరుగు!

విదోసావ్ గోడ దూకుతాడు. వెనక రెండు తూటాలు ఇటుకల్ని పెళ్లగిస్తాయి. పట్టపగలే బెల్‌గ్రేడ్ పొగలో మునిగి ఉంది... 1944 అక్టోబర్ పందొమ్మిది.

రష్యన్ ట్యాంకులు, అడవుల్లోంచి దిగిన పార్టిజాన్ గెరిల్లాలు ఊరి నడిబొడ్డు తెరాజియే దాకా వచ్చేశారు. అవాలా కొండ కింద చిక్కిన జర్మన్ దళం తుడిచిపెట్టుకుపోయిందని పొద్దుట్నుంచీ వార్త. మిగిలిన జర్మన్లు సావా వంతెన మీదుగా జారుకుంటున్నారు. పోతూ పోతూ నీళ్ల పంపుహౌస్‌ని పేల్చేస్తారట. ఆరింటికి ముహూర్తం!

ఆ పంపుహౌస్ నేలమాళిగలోనే అతడి భార్య స్తామెనా, తొమ్మిది నెలల పాప, వీధివాళ్లు నలభై మంది తలదాచుకున్నారు. పైన జర్మన్ కాపలా. బయటికొచ్చే దారి లేదు.

విదోసావ్ అక్కడి ఎలక్ట్రీషియన్. గేటు దగ్గరికి వెళితే, గుట్టు కనిపెట్టి పారిపోయినవాడని గుర్తుపట్టి కాల్చేస్తారు. పేలుడు వైరు ఎటు పోతోందో గీసిన కాగితం అతడి బూటులో ఉంది. అది పార్టిజాన్ల మనిషికి అందితే, వాళ్లు మురుగు కాలువలోంచి దూరి వైరు కోసేస్తారు. గుర్తు మాట తెలిసిన మధ్యవర్తి పొద్దునే చచ్చిపోయాడు. చెప్పి పోయింది ఒక్కటే... ఆ మనిషి మీ ఇంటికి అతిథిగా వస్తాడు.

ఇవాళ సెయింట్ తోమా రోజు. విదోసావ్ వాళ్ల ఇంటి దేవుడి పండగ, స్లావా. తలుపుకి గడియ పెట్టరు. వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని అడగరు. యుద్ధం వచ్చిందని పండగ మానేస్తారా ఎవరైనా?

నాలుగున్నర.

ఇంట్లోకి దూసుకొస్తాడు. తల్లి పెరునికా, సెయింట్ తోమా పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, వచ్చిన ప్రతి అతిథీ ఒక చెంచాడు తినాల్సిన తీపి గోధుమల గిన్నెతో కూర్చుంది. ఇంత ఆలస్యమా, మీ నాన్నే ఉంటే చెవి మెలేసేవాడని చీవాట్లు పెడుతుంది.

తలుపు తెరుచుకుంటుంది.

చిరిగిన రైల్వే కోటు. ముప్పై ఏళ్లుంటాయి. పటం వంక చూడడు. శిలువ గుర్తు వేసుకోడు. తల్లి చాచిన గోధుమల గిన్నెని పక్కకు నెట్టేస్తాడు. తన పేరు గ్లిగొరియె అనీ, కాగితం త్వరగా ఇమ్మనీ అంటాడు.

విదోసావ్ ఒక అడుగు వెనక్కి వేస్తాడు. సెర్బు బిడ్డెవడైనా స్లావా ఇంట్లో గోధుమలు వద్దంటాడా? వీడు జర్మన్ గూఢచారి! మన భాష నేర్చుకుని వచ్చాడు...

మళ్లీ తలుపు.

ఈసారి నెరిసిన మీసాలాయన. టోపీ తీసి, ముందు కుడి భుజం, తర్వాత ఎడమ భుజం... పద్ధతిగా శిలువ గుర్తు వేసుకుంటాడు. తల్లి చెంపల మీద మూడు ముద్దులు. చెంచాడు గోధుమలు.

"పండగ శుభాకాంక్షలు, తమ్ముడూ. అడవిలో మనవాళ్లు పంపారు."

విదోసావ్‌కి ప్రాణం లేచొస్తుంది.

ఒక్క ఉదుటున రైల్వే కోటువాడి మీద పడతాడు. నడుము దగ్గరి పిస్టల్ లాగేసి మీసాలాయనకు అందిస్తాడు. బూటు విప్పి కాగితమూ ఇచ్చేస్తాడు.

ఆయన దాన్ని తాపీగా చదువుతాడు. కొవ్వొత్తి మంటకి అంటిస్తాడు!

పిస్టల్ విదోసావ్ ఛాతీ వైపు తిరుగుతుంది. ఏమీ అనుకోవద్దంటాడు ఆయన, ఎంతో మర్యాదగా. మూడున్నరేళ్లుగా జర్మన్ల కింద పోలీసు ఉద్యోగమట. ఈ పని చేసిపెడితే ఆఖరి లారీలో సీటు ఇస్తామన్నారట. స్లావా రోజు సెర్బువాడు ఎక్కడికి పోతాడో కనుక్కోవడం పెద్ద పనా అని నవ్వుతాడు.

విదోసావ్ గ్లిగొరియె వైపు తిరుగుతాడు. "మరి నువ్వు...?"

"నేను కమ్యూనిస్టుని, అన్నా. దేవుడికి దణ్ణం పెట్టి పదేళ్లయింది."

సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది విదోసావ్‌కి. ద్రోహికి కూడా భక్తి ఉంటుందని తట్టనేలేదు. పెళ్లాన్నీ బిడ్డనీ చేజేతులా అప్పగించేశాడు...

కాగితం బూడిదైంది. అయితేనేం, గీసింది తనే కదా!

"మూడో పంపు వెనక! ఎడమ గోడ, నీలం పైపు కింద!" అరుస్తూనే బల్లని పోలీసు మీదికి తిరగేస్తాడు. గ్లిగొరియె కిటికీలోంచి దూకేస్తాడు.

పోలీసు లేచి కిటికీ వైపు ఉరుకుతాడు. విదోసావ్ అడ్డంగా నిలబడతాడు.

"తప్పుకో. నీతో నాకేం పగ లేదు."

"అక్కడ నా కూతురుంది."

వీధిలో పరిగెడుతున్న బూట్ల చప్పుడు... మలుపు దాకా... మలుపు దాటి...

పిస్టల్ పేలుతుంది.