స్టోర్‌కి వెళ్లే సాకు

చిన్నపిల్లల రెయిన్‌కోట్ల ఆర్డర్ ఖాయమైందని మేనేజర్ చెప్పగానే కుట్టు మిషన్లన్నీ ఆగి, ఫ్లోరంతా చప్పట్లతో మోగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది ప్లానింగ్ అమ్మాయే.

మేనేజర్ అంతటితో ఊరుకున్నాడా? "రేపటి నుంచి చిల్లరమల్లరగా సరుకు అడగడం ఉండదు. గుండీలు, జిప్పులు, హుడ్ తాళ్లు అన్నీ ఒకేసారి లైన్ దగ్గరికే వచ్చేస్తాయి. స్టోర్ చుట్టూ ఎవరూ తిరగక్కర్లేదు" అన్నాడు.

ఆమె చప్పట్లు గాల్లోనే ఆగిపోయాయి.

ఏ లైన్‌లో ఏ రోజు ఏం కుట్టాలో ముందే లెక్కగట్టే పిల్లకి, వారానికి సరిపడా సరుకు ఒకేసారి అడగడం రాక కాదు. పొద్దున దారం, మధ్యాహ్నం గుండీలు, సాయంత్రం జిప్పులు అని విడివిడిగా అడిగితేనే కదా, స్టోర్ కిటికీలో స్టోర్‌కీపర్ గడ్డం మొహం కనిపించేది. ఇన్నాళ్లలో ఆ మనిషి మనసులో మాట ఒక్కటీ పైకి అనలేదు. ఇక అనే వీలు కూడా ఉండదు.

సరాసరి కింద ఉన్న స్టోర్‌కి దిగింది.

"రెయిన్‌కోట్ల సరుకు ఎంతవరకూ వచ్చింది?"

"అంతా సిద్ధమండీ" అన్నాడు స్టోర్‌కీపర్, తల ఎత్తకుండా. "ఒక్క హుడ్ తాళ్లు తప్ప."

"ఆర్డర్ వస్తుందని ముందే తెప్పించి, నిన్న నా కళ్లముందే లారీలోంచి దించారుగా?"

"దించాం. ఎక్కడ పెట్టామో కనిపించడం లేదు. రేపొకసారి వచ్చి చూడండి."

ఆమెకి ఒళ్లు మండింది. "తాళ్లు లేకపోతే లైన్ ఆగుతుంది. చీవాట్లు పడేది నాకు, మీకు కాదు."

అంతలో లైన్ సూపర్‌వైజర్ లోపలికొచ్చింది. ఆవిడ స్టోర్‌కీపర్‌కి సొంత అక్క.

"లేచి నిలబడరా."

"ఎందుకక్కా?"

"లేవమన్నానా."

లేచాడు. అతను కూర్చున్నది కుర్చీ కాదు, పెద్ద అట్టపెట్టె. దాని మీద ఇంత లావు అక్షరాలతో 'హుడ్ తాళ్లు' అని రాసుంది.

"ఎక్కి కూర్చుంటే ఎలా కనిపిస్తాయిరా? పోయిన నెల లేబుళ్లు, ఈ నెల తాళ్లు. ఈ అమ్మాయి మళ్లీ రావాలని ప్రతిసారీ ఏదో ఒకటి దాచడం, లైన్ ఆగితే నేను సర్దిచెప్పుకోలేక చావడం."

ప్లానింగ్ అమ్మాయి అతని వంక చూసింది. అతను పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు.

"నిజమేనా?"

"మీరు మాత్రం? దారానికోసారి, గుండీలకోసారి. అన్నీ కలిపి అడగొచ్చుగా."

"అడగొచ్చు."

"మరి?"

"అడగబుద్ధి కాలేదు."

"బాగుంది. ఇద్దరూ కలిసే నా లైన్ ఆపుతున్నారన్నమాట" అంది అక్క.

స్టోర్‌కీపర్ గొంతు సవరించుకున్నాడు. "రేపటి నుంచి ఇటు రారేమోనని భయమేసిందండీ. నోరు విప్పడం చేతకాక దాని మీద కూర్చున్నాను."

"ఇప్పుడు విప్పండి."

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"ముందు తాళ్లు ఇవ్వండి."

పెట్టె ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టాడు. "ఇచ్చాను."

"ఊఁ అన్నాను" అంది, పెట్టె చాటున మొహం దాచుకుని.

అక్క పెట్టెని పక్కకి జరిపి మరీ ఆ సిగ్గు చూసింది. "రేపు షిఫ్ట్ అవగానే నేనూ అమ్మా మీ ఇంటికి వస్తున్నాం. మీ అమ్మగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పమ్మా. వీడు మాత్రం సరుకంతా లైన్‌కి అప్పజెప్పాకే బయల్దేరతాడు."