ఖాళీ కప్పు

"ఆ పిల్లకి చీమ కుట్టినా రెండు దేశాల ఒప్పందం గంగలో కలుస్తుంది. అర్థమైందా గూ?" చీఫ్ చెప్పింది అంతే.

ఆ పిల్ల టెస్సా, అమెరికా వాణిజ్య ప్రతినిధి కూతురు. ఒహాయో బడి పిల్లలతో చైనాలోని సుజౌ వచ్చి, ఇక్కడి బడి పిల్లలతో కలిసి నాటకం ఆడుతోంది. ఒప్పందం చెడితే బాగుపడే విదేశీ ముఠా ఒకటి ఆమె చావు కోరుతోంది. అందుకే ఏజెంట్ గూ యాన్‌పింగ్ ఆరు వారాలుగా గడ్డం అంటించుకుని, రంగస్థలం సామాన్లు చూసే ముసలాడి వేషంలో ఉన్నాడు. ముఠాలో ఉంటూ అతనికి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ కూడా దొరికింది. మేకప్ చేసే వెరా. అందం, తెలివి, నవ్వు, అన్నీ ఉన్నాయి. నిజాయితీ లేదని ఇవాళ మధ్యాహ్నం తెలిసింది.

"మేడమీద ముఠా మనిషి దాక్కున్నాడు" అని అతన్ని పాత తెరల గదిలోకి పంపింది. వెనక గడియ పడింది.

ఇయర్‌పీస్‌లో ఆమె గొంతు. "సారీ డార్లింగ్. ఈ లైన్‌లో ఇక నేనొక్కదాన్నే. మూడో అంకంలో కప్పుంది చూడు, అందులో విషం కలిపాను. రసం నువ్వే పోశావుగా, థాంక్స్."

గూకి ఆ రసం గొడవ గుర్తొచ్చింది. చైనా నాటకంలో కప్పు ఖాళీగానే ఉంటుంది. నటి పొడుగు అంగీ చెయ్యి అడ్డం పెట్టుకుని తాగినట్టు వంచుతుంది. అమెరికా దర్శకుడు మాత్రం "నిజంగా తాగాలి, ముఖం కనబడాలి" అని పట్టుబట్టాడు. పిల్లలకి ఆట నేర్పే ఇక్కడి ఫాన్ టీచరమ్మ గూ మీద నిప్పులు చెరిగింది.

"బుద్ధుందా నీకు? దాహం వేసి వచ్చిందా ఆ పిల్ల ఇంతదూరం?"

గూ తల దించుకుని దర్శకుడు చెప్పినట్టే పోశాడు. వేషం కాపాడుకోవాలి కదా!

ఇప్పుడు తలుపు తన్నాడు. కదల్లేదు. ఊచల కిటికీలోంచి, "తాగకు! తాగకు!" అని గొంతు చించుకున్నాడు. కింద గంటలూ తాళాలూ హోరెత్తుతున్నాయి. వెనక వరసలో తాత ఒకాయన తలెత్తి, "పైన ఎవడో మంచి రసికుడున్నాడ్రా!" అని మురిసిపోయి, తనూ "హావ్!" అని కేక పెట్టాడు. మెచ్చుకోలు కేకలు అక్కడ మామూలే. హాలంతా అందుకుంది.

టెస్సా కప్పు ఎత్తింది. ఆరు వారాలు రోజూ "తాతా, తిన్నావా?" అని అడిగిన పిల్ల. ఊచలు పట్టుకుని చూడటం తప్ప గూ చేయగలిగిందేమీ లేదు. ఏడుపొచ్చింది.

కప్పు పెదవుల దాకా వచ్చింది.

అప్పుడు లేచింది తెల్లటి పట్టు చెయ్యి. ముఖాన్ని కప్పేసింది. కప్పు వంగింది. ఎర్రటి రసం పెదవికి తగలకుండా అంగీలోకి జారి, పట్టు మీద మరకై పాకింది.

అమెరికా పిల్ల కాబట్టి తాగేస్తుందని ముఠా లెక్క. దర్శకుణ్ణి కాదని టీచరమ్మ మాట వింటుందని గూ కూడా అనుకోలేదు.

తెరల కోసం వచ్చినవాళ్లు గడియ తీశారు. పది నిమిషాల్లో వెరా దొరికింది. గూ చేతి తొడుగులతో పరుగెత్తాడు.

"ఆ అంగీ ముట్టుకోకండమ్మా! టెస్సా చేతులు సబ్బుతో కడిగించండి!"

టీచరమ్మ మరక చూసి అతన్ని ఎగాదిగా చూసింది. "ఇన్నాళ్లు ఇక్కడ ఉండి ఏం లాభమయ్యా? ఖాళీ కప్పు ఇవ్వడం కూడా రాదు నీకు!"

ఇరవయ్యేళ్ల సర్వీసులో తన మీద ఇంత నిజమైన రిపోర్టు రాలేదని గూ ఒప్పుకున్నాడు.