మధులత ఆడని రోజు

బేతంచెర్లలో ఆ ఉదయం చౌడేశ్వరి ఉగ్గాని టిఫినుకు బొరుగులు నానబెడుతూ వరండాలో కూర్చున్న కూతురి వంక చూసింది. మధులత జడ వేసుకోవడానికి కుడిచేయి పైకెత్తింది. చేయి సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. చివరికి దువ్వెన పక్కన పెట్టేసి, జుట్టును మెడ దగ్గరే రబ్బరుబ్యాండుతో కట్టేసుకుంది.

చౌడేశ్వరి చేతులు తుడుచుకుని వచ్చి, కూతురి వెనక కూర్చుని తనే జడ అల్లింది. భుజం బిగుసుకుపోయి ఉన్నట్టు వేళ్లకు తెలుస్తూనే ఉంది. మధులత నిన్ననే పుణె నుంచి వచ్చింది. అంతకుముందు కోయంబత్తూరు, దానికి ముందు ఇండోర్. ఒక టెన్నిస్ టోర్నమెంటు కాగానే ఇంకొకటి. పెట్టెలో బట్టలు ఉతికి ఆరేసేంత సేపు కూడా ఇంట్లో ఉండటం లేదు. ఇవాళ మళ్లీ కడపకు వెళ్లాలి.

కడప టోర్నమెంటు దావీదురాజు సార్‌ది. చిన్నప్పుడు కర్నూలులో మధులతకు రాకెట్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఇప్పుడు కడపలో సొంతంగా కోర్టులు వేసుకుని చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలకు నేర్పిస్తున్నాడు. మొదటిసారి పోటీలు పెడుతున్నాను, మన పిల్ల వచ్చి ఆడితే బాగుంటుంది అని ఆయన ఫోన్ చేసినప్పుడు, మధులత తండ్రి ఉమామహేశ్వర కూతురిని అడగకుండానే సరేనన్నాడు. నాపరాళ్ల వ్యాపారంలో ఆయన చెప్పిన రోజుకు లోడు చేరుతుందని పేరు. ఇంట్లోనూ ఆయనకు మాటంటే మాటే.

కారు తాళాలతో లోపలికి వచ్చిన భర్తను చౌడేశ్వరి ఆపింది.

"ఈ పొద్దు దానికి ఆడేకి కాదు. చెయ్యి పైకి లేసేది లేదు. సారుకు ఫోన్ చేసి చెప్పు."

ఉమామహేశ్వర ఒప్పుకోలేదు. ఫ్లెక్సీల నిండా దాని ఫొటోనే వేశారని, రాయచోటి నుంచి కూడా పిల్లలు వస్తున్నారని, మందు రాస్తే ఒక్క ఆటకు నొప్పి ఓర్చుకోవచ్చని చెప్పుకొచ్చాడు. ఆ సారే లేకపోతే ఈ పిల్లకు ఈ పేరు ఎక్కడిదని అడిగాడు.

"మాటిచ్చింది నువ్వు. భుజం దానిది," అంది చౌడేశ్వరి.

ఆయన ముఖం ఎర్రబడింది. "నేనేమన్నా దాన్ని బలవంతంగా తోలుతాండానా? చెప్పమ్మా లతా, నీకు ఇష్టం లేకుండా ఒక్క ఊరికన్నా పంపించినానా?"

ఎప్పటిలాగే 'పోతాను లే నాయనా' అనబోయి ఆగింది మధులత. తల దించుకుంది.

"ఓడిపోయిన రోజు బాగుంటాది నాయనా," అంది మెల్లగా. "మర్నాడు ఆడే పని ఉండదు గదా."

మిగతాదీ ఆమే చెప్పింది. పుణెలో అందుకోగలిగిన బంతికి కూడా పరిగెత్తలేదని, ఓడిపోయాక గదికి వెళ్లి హాయిగా పడుకుందని. ఆట మీద ఇష్టమే పోయిందేమోనని భయంగా ఉందట. ఫోన్‌లో నాయన 'తర్వాత యాడమ్మా?' అని అడిగినప్పుడల్లా ఆ గొంతులోని సంబరం విని, ఈ సంగతి చెప్పబుద్ధి కాలేదట.

ఉమామహేశ్వర గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. పుణెలో ఓడిన రోజు తను ఫోన్‌లో కూతురిని ఎంతసేపు ఓదార్చాడో గుర్తొచ్చింది. ఆ అమ్మాయి అంతసేపూ ఊఁ కొడుతూ విన్నది, తనను బాధపెట్టకూడదని.

చౌడేశ్వరి ఫోన్ అందించబోతే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఫోన్లో చెప్పే మాట గాదు. ఆయన ముందర నిలబడి చెప్పాల. ముగ్గురమూ పోదాం పాండి."

మధులత అలవాటుగా రాకెట్ల సంచి తెచ్చి కారులో పెట్టింది. ఆయన దాన్ని తీసి ఇంట్లో పెట్టి వచ్చాడు.

కడపలో కోర్టు చుట్టూ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు నిండిపోయి ఉన్నారు. దావీదురాజు చూస్తుండగానే ఉమామహేశ్వర తనే మైకు అడిగి తీసుకున్నాడు.

"నా కూతురు ఈ పొద్దు ఆడదు. శానా అలిసిపోయుండాది. దాన్ని అడక్కుండా నేనే మాటిచ్చినా. తప్పు నాది, మన్నించండి."

ఇంత ఎండలో ఇంతదూరం ఎందుకొచ్చినట్టని కొందరు గొణిగారు. వెనక నుంచి ఒకాయన గట్టిగానే విసుక్కున్నాడు. ఉమామహేశ్వర పక్కకు తప్పుకోలేదు. అవన్నీ వింటూ అక్కడే నిలబడ్డాడు. ఇచ్చిన మాట తప్పి నాన్న నలుగురిలో నిలబడటం మధులత అంతకుముందెప్పుడూ చూడలేదు.

దావీదురాజు ముఖం ముడుచుకునే దగ్గరికి వచ్చాడు. ముందే చెప్పి ఉంటే ఏదో సర్దుకునేవాణ్ణి కదా అన్నాడు. తర్వాత శిష్యురాలి భుజం మీద వేళ్లతో నొక్కి చూశాడు. మధులత పళ్ల బిగువున ఓర్చుకుంది కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చప్పున చేయి తీసేశాడు.

"ఇట్లా ఆడేదానికి వచ్చింటే నేనే నిన్ను బయటికి పంపించేసింటా," అన్నాడు. "ఈడ నీడలో కూర్చో తల్లీ. పిల్లోళ్లు ఆడేది చూడు, చాలు."

కోర్టులో ఒక చిన్నపిల్ల సర్వ్ చేయబోయి బంతిని పదేపదే వలలోకే కొడుతోంది. తప్పినప్పుడల్లా తనలో తనే నవ్వుకుని ఇంకో బంతి ఎగరేస్తోంది. దాన్ని చూస్తూ చూస్తూ మధులత కూడా నవ్వింది. ఆ సంగతి చౌడేశ్వరి గమనించి, భర్త మోచేతిని తట్టి చూపించింది.

తిరుగు ప్రయాణంలో మైదుకూరు రాకముందే మధులత తల్లి ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయింది.

మర్నాడు బాగా పొద్దెక్కాక ఉమామహేశ్వర ఫోన్ మోగింది. బెంగళూరులో టోర్నమెంటు పెడుతున్నవాళ్లు. మధులత వస్తోందా అని అడుగుతున్నారు.

"నిద్ర పోతాండాదప్పా," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఇప్పుడు లేపను. లేసినాక అడుగుతా. వచ్చేదీ రానిదీ అదే చెప్తాది."

ఫోన్ చప్పుడుకే మధులతకు మెలకువ వచ్చింది. గదిలో పడుకునే ఆ మాటలన్నీ విన్నది. ఇన్నాళ్ల బరువు దిగిపోయినట్టై దిండులో ముఖం దాచుకుని, ఎవరికీ వినపడకుండా కాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి మళ్లీ నిద్రలోకి జారిపోయింది. తలుపు దగ్గరగా వేయడానికి వచ్చిన నాన్న అడుగుల చప్పుడు ఆమెకు తెలియనే లేదు.