గీతలో గతుకులు

టెగన్‌కి అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే. ఇంట్లో తను ఉన్నపళంగా పడిపోతే, ఎనిమిది నెలల కూతురు మార్నీ తొట్టిలో ఏడ్చి ఏడ్చి గొంతు పోయినా ఎవరికీ తెలియదు.

హోబార్ట్‌లో ఆ చలికాలం వాన వదల్లేదు. పదో క్లాసుతో చదువాగిన టెగన్ యూనివర్సిటీ సెల్లార్‌లో నేల తుడిచే పనికి కుదిరింది. మొదటి వారమే ఒక ల్యాబ్ తలుపు మీద కాగితం కనిపించింది: "తొమ్మిది నుంచి పది దాకా ఇక్కడ నడవకండి."

తలుపు కొట్టింది. "నడవకపోతే ఎగరమంటావా?"

"మెల్లగా!" అన్నాడు లోపలున్న కళ్లజోడతను, ఫెర్గస్. "నా సూది అదిరిపోతోంది."

"ఏ సూది? నాకేం కనపడట్లేదే."

"కనపడదు. వెంట్రుకకన్నా ఎంతో సన్నం. దాంతో ఆబలోన్ అనే సముద్రపు నత్త గుల్లని నొక్కి ఏ పొర ఎంత గట్టిదో కొలుస్తా. ఇదిగో, తెర మీద ఈ గీతలో గతుకులు చూడు. ఇది నీ బకెట్. ఇది నీ కుడికాలు. గట్టిగా వేస్తావు."

"పిల్లని కుడి చంకనే మోస్తాలే," అంది. తన నడకకి ఎక్కడైనా గుర్తు మిగులుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

కాగితం అలాగే ఉంది. ఆమె నడుస్తూనే ఉంది. పదింటికి వరండా బల్ల మీద రెండు టీలు మాత్రం రోజూ కనపడేవి. ఒకరోజు తన భయం చెప్పేసింది. అతను నవ్వలేదు.

ఆగస్టులో ఒక గురువారం పొద్దున, జ్వరంతో వంటగదిలో కూలిపోయింది. లేవబోతే చేతులు సహకరించలేదు. అవతలి గదిలో మార్నీ ఏడుపు బొంగురుపోతోంది. తర్వాత అదీ ఆగింది.

తలుపు తెరుచుకుంది. పనిలో తన సూపర్‌వైజర్ లిన్నెట్. వెనక, తడిసి ముద్దయిన ఫెర్గస్.

"నీకెలా తెలిసింది?" అని ఫెర్గస్‌ని అడిగింది టెగన్, ఆసుపత్రిలో.

"గీత తిన్నగా వచ్చింది."

"నీకు కావాల్సింది అదేగా?"

"నేనూ అలాగే అనుకున్నా." నిద్రపోతున్న మార్నీని భయంభయంగా పట్టుకుని ఉన్నాడు. "తొమ్మిదిన్నర దాకా చూసి, మీ ఇంటికి తీసుకెళ్లమని లిన్నెట్‌ని అడిగా. ఆ గతుకులు లేకపోయేసరికి నాకు ఊపిరాడలేదు, టెగన్."

ఆమె అతని తడి చొక్కా చెయ్యి పట్టుకుని, వదల్లేదు.

సెప్టెంబర్లో అతను పని మీద రెండు నెలలు మెల్‌బోర్న్ వెళ్లాల్సి వచ్చింది. వెళ్లిన మర్నాడు బకెట్‌తో వచ్చిన టెగన్‌కి తలుపు మీద కొత్త కాగితం కనిపించింది, అడుగున ఆమె ఫోన్ నంబరు, అడ్రసుతో:

"ఈ మిషన్ వాడేవారికి. తొమ్మిదింటికి గీతలో గతుకులు వస్తే విసుక్కోకండి. రాకపోతే కొలత ఆపి టెగన్‌కి ఫోన్ చెయ్యండి. ఆమె తియ్యకపోతే, దయచేసి ఇంటికి వెళ్లి చూడండి."